చిన్నబళ్ళాపుర సీమలో తెలుగు ప్రార్థన

మేము ఈ సంఘములో చేరిన క్రొత్తలో ఒక పెద్దమనిషి, "మీది చింతామణి అంటున్నారు, అది కర్ణాటకము గదా! ఇంట్లో ఏమి మాట్లాడుకొంటారు?" అని అడిగినారు. తెలుగే అని చెప్పినాము. "మరి దేవునితో?" అని నవ్వుతూ మళ్ళీ అడిగినారు. మా ఇంటివారు క్రైస్తవులని ఆయనకు తెలియును. దేవునితోనూ తెలుగే అని చెప్పి ఆ పూటకు బయటపడినాము గాని, ఆ రెండవ ప్రశ్న మమ్ములను చాలాకాలము విడువలేదు. బడిలో కన్నడము చదివి, తాలూకా కచేరికి కన్నడములో అర్జీలు వ్రాసి, రైల్వే ఆఫీసులో ఇంగ్లీషు రిజిస్టర్లు నింపుకొనే మనుషులము. మోకాళ్ళూనినప్పుడు మాత్రము నోట తెలుగు ఎట్లా వస్తున్నది? ఉగాది సంచికకు ఏదైనా వ్రాయుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు దీనినే వ్రాయదలచినాము. మేము పండితులము కాము. సెలవు దినములలో చదివినది, ఇంట్లో పెద్దలవద్ద విన్నది కలిపి మనవి చేస్తున్నాము.

మా సీమను చూడనివారికి ముందు ఒకటి చెప్పవలెను. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు ఒకప్పుడు కోలారు జిల్లాలోనివి. 2007లో చిక్కబళ్ళాపురము వేరే జిల్లా అయినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు కోలారు జిల్లా మైసూరు వైపే ఉండిపోయినది. గీత గీసినవారికి గీత కనబడును గాని నీళ్ళకు కనబడదు. నందికొండల వైపు పుట్టిన పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడును తెలుగు సీమకే పారుతవి. బాగేపల్లి దాటితే హిందూపురము, కదిరి. చింతామణికి తూర్పున మదనపల్లె. సంతలో బేరము తెలుగు, కచేరిలో కాగితము కన్నడము. మావాళ్ళకు ఇందులో వింత ఏమీ లేదు.

క్రైస్తవ ప్రార్థన ఈ నేలమీదికి తెల్లదొరల ప్రభుత్వముతో వచ్చినదని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. ఇంగ్లీషువారి జెండా నందికోటమీదికి ఎక్కినది 1791లో. దానికి ఎనభై ఏండ్లకు ముందే, 1709 జనవరిలో, లె గాక్ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరి ఇక్కడనుంచి ఒక లేఖ వ్రాసినాడు. ఆ లేఖ ఆ పాదిరీల లేఖా సంపుటములలో అచ్చయి నేటికీ దొరుకుచున్నది. అందులో ఊరిపేరు ఎట్లా వ్రాసినాడో చూడండి: చిన్నబళ్ళాపురము! చిక్క అని కాదు, చిన్న అని. ఎవరి నోట వింటే ఆ పేరు వ్రాసుకొనును గదా. ఆవతి వంశపు పాళెగాళ్ళు ఏలుచున్న ఆ పట్నములో ఒక పరదేశి చెవిని పడిన మాట తెలుగు మాట అని దీనివలన తెలియుచున్నది. శాసనములు వెదకనక్కర లేదు, ఈ ఒక్క అక్షరము చాలునని మా అభిప్రాయము.

ఈ పాదిరీలు పుదుచ్చేరినుంచి వచ్చినవారు. 18వ శతాబ్ది మొదటి ఏండ్లలో పుంగనూరు, తరువాత మన బళ్ళాపురము, అనంతపురము వైపున కృష్ణాపురము, ఇట్లా తెలుగు పలుకు వెంబడి నడిచినారు. అంతకు నూరేండ్ల ముందు మధురలో రాబర్ట్ డి నోబిలి చూపిన దారి వీరిది. కాషాయము కట్టి, మాంసము మాని, సన్యాసులవలె బ్రదికినారు. వీరిలో పియెర్ డి లా లాన్ తెలుగు వ్యాకరణము వ్రాసినాడు. కల్మెత్ అనే ఆయన 1730 దశకములో వేదములను సంపాదించి పారిసు రాజ గ్రంథాలయమునకు పంపినాడు. వాటిలో కొన్ని తెలుగు లిపిలో ఉన్నవి. కూర్దో అనే ఆయన తెలుగు, సంస్కృతము నేర్చి, సంస్కృతమునకు లాటిను, గ్రీకు భాషలకు చుట్టరికమున్నదని 1767లో పారిసు పండితులకు వ్రాసినాడు. సర్ విలియం జోన్సు కలకత్తాలో ఆ మాట చెప్పినది 1786లో. తెలుగు నేలమీద చదువుకొన్న మనిషి ముందు చెప్పినాడు, పేరు మాత్రము కలకత్తాకు పోయినది.

విద్వత్తు సంగతి అటుంచుదాము. వీరు పల్లెవారికి ఏమి నేర్పినారు? పుస్తకము నేర్పలేదు. చదువు వచ్చినవారు ఎందరు? జపము నేర్పినారు. నేటికీ కతోలికులు ప్రార్థన అనేదానికంటె జపము అనే మాటనే ఎక్కువ వాడుదురు. పరలోక జపము, మంగళవార్త జపము, త్రికాల జపము. దేవుడనక సర్వేశ్వరుడు అనుట కూడా వారి పలుకుబడిలోనిదే. గుడిలో పూజ లాటినులో జరిగినా, ఇంటి జపము ఇంటి మాటలో ఉండెను. ఉపదేశి ఒకడు సాయంకాలము చావడిలో కూర్చుండి ఒక్కొక్క మాట చెప్పును, పిల్లలు పెద్దలు తిరిగి చెప్పుదురు. అట్లా నోటికి వచ్చినదే వారి ఆస్తి. ఇది అందరికీ నచ్చినదని చెప్పలేము. వైష్ణవ దాసరులు తమను ఎదిరించిన సంగతి పాదిరీల లేఖలలోనే ఉన్నది. ఒకరి భక్తి ఇంకొకరికి అలజడిగా కనబడుట ఆ కాలమునకే చెల్లిన సంగతి కాదు.

ఆ నోటి ఆస్తి ఎంతకాలము నిలిచినదో చూడవలెనంటే తరువాతి అరవై ఏండ్లు చూడవలెను. మహారాష్ట్రుల దండులు, నవాబుల దండులు ఈ దారినే నడిచినవి. 1762లో హైదరాలీ చిన్నబళ్ళాపురమును పట్టుకొన్నాడు. 1773లో పోపు పద్నాలుగవ క్లెమెంటు జెసూట్ సంఘమునే రద్దు చేసినాడు. వచ్చే పాదిరీలు లేరు, ఉన్నవారు ముసలివారు. కరవులకు, దండులకు తాళలేక కొన్ని తెలుగు క్రైస్తవ కుటుంబములు ఊళ్ళు విడిచి, కొందరు తమిళ దేశమునకు, కొందరు గుంటూరు సీమకు వలసపోయినారు. ఫిరంగిపురము, ముట్లూరు వైపున ఆ వలసల కథలు నేటికీ చెప్పుకొంటారు. బండిమీద ఏమి వేసుకొని పోయిరో మనకు తెలియదు. విత్తనపు గింజలు, ఇత్తడి బిందె, పడక గుడ్డలు పోయియుండును. జపము మాత్రము బండిలో చోటు అడుగలేదు. మనమందరమూ పెట్టె బేడా కట్టుకొని ఊరు విడిచినవారమే గనుక ఈ మాట వివరింప నక్కరలేదు.

టిప్పు పడిన తరువాత మైసూరు సీమకు వచ్చిన అబే దుబొయి అనే ఫ్రెంచి పాదిరి దేశమంతా తిరిగి, ఈ జనులలో క్రైస్తవము నిలువదని నిరాశపడి 1823లో స్వదేశమునకు వెళ్ళిపోయినాడు. గొప్ప పరిశీలకుడే. ఆయన మన ఆచారములనుగూర్చి వ్రాసిన పుస్తకము ప్రసిద్ధమైనది. అయినా, చావడిలో తల్లి బిడ్డకు చెప్పే నాలుగు మాటలను ఆయన లెక్కలో వేసుకొనలేదని మాకు తోచును.

ఇంకొక పాయ వేరే దారిన వచ్చినది. అచ్చు అక్షరము దారి. తెలుగులో అచ్చయిన మొదటి పుస్తకములు మద్రాసులోనో బందరులోనో పుట్టలేదు, జర్మనీలోని హాలే పట్టణములో పుట్టినవి. మద్రాసులో పనిచేసి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ 1746లో అక్కడ లూథరు చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులో అచ్చువేయించినాడు. అంటే క్రీస్తు నేర్పిన ప్రభు ప్రార్థన అచ్చు తెలుగులో మొట్టమొదట వెలువడిన వాటిలో ఒకటి! తరువాత 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నము వచ్చినారు. క్రాన్, దే గ్రాంజ్ అనే ఇద్దరు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి సాయము చేయగా, మూడు సువార్తలు తెలుగై 1812లో శ్రీరామపురములో అచ్చయినవి. ఆ అచ్చు వచ్చునాటికి దొరలిద్దరూ చనిపోయినారు. అదే మిషన్ వారు 1810లో బళ్ళారికి, 1820లో బెంగుళూరికి వచ్చి, ఆ శతాబ్ది చివరికి చిక్కబళ్ళాపురములో స్థిరపడినారు. బెంగుళూరులో యాభై ఏండ్లు పనిచేసిన బెంజమిన్ రైసు కుమారులలో ఒకరు లూయీ రైసు, మన సీమ శాసనములన్నీ వెలికితీసిన మహనీయుడు. మరియొకరు ఎడ్వర్డ్ రైసు చిక్కబళ్ళాపురములో పాదిరిగా ఉన్నారు. 1915లో కన్నడ సాహిత్య చరిత్రను ఇంగ్లీషులో ప్రకటించినది ఈయనే.

ఇక్కడ ఒక చిక్కు వచ్చినది. ఈ మిషన్ వారి పుస్తకము కన్నడము. కన్నడ బైబిలు వారివాళ్ళే బళ్ళారిలో పట్టుబట్టి చేసినది. ప్రభుత్వ భాష కన్నడము, బడి కన్నడము. పట్నములో గుడి ఆరాధన కన్నడములో సాగినది. పల్లెలో ఇంటి మాట తెలుగు. దీనిని ఎవరూ సభపెట్టి తేల్చలేదు, దానంతట అదే సర్దుకొన్నది. ఆదివారము గుడిలో అయ్యగారు కన్నడములో వాక్యము చదువుదురు. ఇంటికి వచ్చి అదే వాక్యమును అమ్మ తెలుగులో చెప్పును. కీర్తనలు మాత్రము ఆంధ్ర దేశమునుంచే వచ్చినవి. పర్లాకిమిడి వైపునుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803–1890) రాగతాళములతో కట్టిన కీర్తనలు మదనపల్లె, కడప దారిన మా పల్లెలకు చేరినవి. దొరలు తెచ్చిన పాశ్చాత్య బాణీలకంటె ఇవి మావాళ్ళ గొంతుకు తొందరగా పట్టినవి. తాళము, డప్పు ఉంటే చాలును, పెట్టె కూడా అక్కరలేదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు వస్తాము. దేవునితో తెలుగెందుకు?

మార్కు సువార్త పద్నాలుగవ అధ్యాయములో, పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఒంటరిగా ప్రార్థించిన ఘట్టమున్నది. అక్కడ ఆయన తండ్రిని తన ఇంటి భాష అయిన అరమాయికులో పిలిచినాడు. గ్రీకులో వ్రాసినవారు కూడా ఆ ఒక్క పిలుపును మార్చలేక అట్లే ఉంచినారు. తెలుగు బైబిలులోనూ అట్లే ఉన్నది. ఆ పిలుపు "అబ్బా" అని. క్రొత్త నిబంధన అంతటిలో మూడుసార్లు మాత్రమే వచ్చును. మిగిలిన ప్రపంచములో పాదిరీలు దీనికి అర్థము చెప్పవలసి వచ్చును. మా సీమలో చెప్పవలసిన పని లేదు. "మా అబ్బ చేనికి పోయినాడు" అనే పిల్లవానికి అది చుట్టముల మాటవలె వినబడును. మా అవ్వ ఆ వాక్యము వినినప్పుడల్లా, "చూడు, ఆయనా మనమాదిరే పిల్చినాడు" అనేది. ఈ రెండు మాటలకు భాషాశాస్త్రములో చుట్టరికమున్నదని మేము చెప్పుట లేదు. పసివాని నోట తేలికగా పలికే శబ్దములు దేశదేశములలోనూ ఒకేతీరుగా ఉండునని పండితులందురు. అవ్వకు ఆ పాండిత్యము లేదు, ఉన్నా వినేది కాదు.

ఇంకొకటి. తాసిల్దారును మీరంటాము, స్టేషను మాస్టరును మీరంటాము, దేవుని మాత్రము నీవంటాము. భద్రాచల రామదాసు అట్లే అన్నాడు, త్యాగయ్య అట్లే అన్నాడు, క్రైస్తవ ప్రార్థనా అట్లే అంటున్నది. ఇది మర్యాద తక్కువ కాదు. అర్జీ వ్రాసే భాష వేరు, అడిగే భాష వేరు.

ఈ సందర్భములో కైవారము తాతయ్యను తలవకపోతే మా చింతామణివాళ్ళు మమ్ములను క్షమింపరు. కైవారము నారాయణప్ప 1726లో పుట్టి నూటపదేండ్లు బ్రదికినారని సంప్రదాయము. గాజుల మలారము మోసి అమ్మినవారు. గురువు చెప్పినట్లు నోట గులకరాయి పెట్టుకొని గుహలో అష్టాక్షరి జపించినారనీ, ఆ రాయి కలకండ అయినదనీ కథ. ఆయన కీర్తనలు, శతకము ఎక్కువగా తెలుగులోనే ఉన్నవి. అయితే మా వైపు వాటిని కన్నడ లిపిలో అచ్చువేసి చదువుకొంటారు! పాట తెలుగు, అక్షరము కన్నడము. తాతయ్య మతము వేరు, మాది వేరు. ఆయన దేవుడు కొండగుహలో దొరికినాడు, మావారికి మిషన్ బడిలో దొరికినాడు. ఆ భేదమును మాటలతో చెరిపివేయుట మాకిష్టము లేదు. కాని ఒక మాటను పదేపదే నోట ఉంచుకొంటే మనసు దారికి వచ్చునని ఆ గులకరాయి కథ ఎరిగిన ఊరివారికి, ప్రార్థన అంటే ఏమిటో పాదిరీలు మొదటినుంచి చెప్పవలసిన అవసరము లేకపోయినది.

ఇక ఏమి అడిగినారు? ముందు వాన. మా సీమలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు, చెరువు నిండితేనే బ్రదుకు. 1876–78 ధాతకరవులో మైసూరు సీమ ఎట్లా అయినదో జనాభా లెక్కలే చెప్పును. 1871లో యాభై లక్షలకు పైగా ఉన్న జనము 1881 నాటికి నలభైరెండు లక్షలైనది. కోలారు వైపు దెబ్బ మరీ గట్టిది. వానకై ప్రార్థించుట అప్పటినుంచే ఆచారముగా వచ్చినదని మా పెద్దలు చెప్పేవారు. వాన కురిసిన ఏడు కోతల పండుగకు మొదటి రాగికంకులు, గుమ్మడికాయ, వేరుసెనగ, ఒక్కొక్కరు కోడిపుంజును కూడా గుడికి తెత్తురు. ఆరాధన తరువాత వాటిని ఏలము వేయుదురు. కురియని ఏడు కూడా పండుగ చేసినారు, ఏలమునకు సరుకు మాత్రము ఉండేది కాదు.

తరువాత రోగము. లండన్ మిషన్ కార్యదర్శి వార్డ్‌లా థాంప్సన్ పేర చిక్కబళ్ళాపురములో 20వ శతాబ్ది మొదటి పాదములో ఆసుపత్రి కట్టినారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు అది ఆ సంఘమునకు చేరినది. నాలుగు తాలూకాలవాళ్ళు బండ్లమీద అక్కడికి వచ్చేవారు. బంగారుపేటనుంచి కోలారు, చింతామణి మీదుగా వేసిన చిన్న పట్టాల రైలు వచ్చిన తరువాత అందులో వచ్చేవారు. (ఆ లైను పెద్ద పట్టాలకు మారి 2013లో మళ్ళీ తెరుచుకొన్నది. రైల్వేవాళ్ళము గనుక ఈ మాట చెప్పకుండా ఉండలేము.) మా అవ్వ కాన్పులలో ఒకటి అక్కడే. ఆపరేషనుకు ముందు నర్సమ్మ చేయిపట్టుకొని ప్రార్థించినదట, కన్నడములో. "అర్థమైనాది గానీ, నేను లోపల మళ్ళా తెలుగులో చెప్పుకొన్న్యా" అని అవ్వ చెప్పేది. బిడ్డ దక్కలేదు. అవ్వ దక్కింది.

ప్రార్థనలో అడిగినది దొరకకపోతే ఏమి అని మేము కుర్రతనములో అవ్వను అడిగినాము. ఆమె జవాబు చెప్పలేదు, దీపము వెలిగించే వేళయినదని లేచిపోయినది. యేసు తన శిష్యులకు ప్రార్థన నేర్పినప్పుడు గదిలోనికి పోయి తలుపు వేసుకొమ్మన్నాడు. మా ఇల్లు ఒక అంకణము. అందులోనే పొయ్యి, పడక, మేకపిల్ల. గది ఎక్కడిది? అవ్వ గోడవైపు తిరిగి కూర్చుండి కొంగు ముఖముమీదికి లాగుకొనేది. ఆ కొంగు దించేదాకా పిల్లలెవరూ పలకరించకూడదు. లోపలనుంచి వినబడేవి చాలావరకు పేర్లు. మంచి మాటలు, ప్రసంగములు ఏమీ లేవు. ఒక పేరు, కాసేపు మౌనము, మరొక పేరు.

ఆ పేర్ల పుస్తకము మావద్ద ఉన్నది. మిషన్ బడిలో నాలుగవ క్లాసు వరకు చదివిన అవ్వ బైండు ఊడిన నోటుబుక్కులో వ్రాసుకొన్నది. భాష తెలుగు, అక్షరములు కన్నడము, కైవారము కీర్తనలవలెనే. వానలకు ఒక పుట, కోలారు బంగారు గనులకు పనికి పోయినవాళ్ళకు ఒక పుట, కాన్పులకు ఒక పుట. గనుల పుటలో మా పెదతాత పేరు మొదట ఉన్నది. ఆయన పోయి తిరిగి రాలేదు, జాబు రాలేదు. గనులు 2001లో మూతబడినవి. అవ్వ ఆ పేరును కొట్టివేయలేదు. తరువాతి సంవత్సరముల సిరాతో దానిమీదే మళ్ళీ మళ్ళీ దిద్దినట్లున్నది, కాగితము అక్కడ చిరిగినది.

మా పిల్లలు ఈ పట్నములో పుట్టినవారు. తెలుగు మాట్లాడుదురు, చదవలేరు. కన్నడ అక్షరములు అసలే తెలియవు. ఆ నోటుబుక్కు వారికి రెండు తలుపుల అవతల ఉన్నది. అందుచేత మేము గత వానకాలమునుంచి రాత్రిపూట దానిని తెలుగు లిపిలోనికి ఎత్తి వ్రాస్తున్నాము. ముప్పది ఆరు పుటలు అయినవి. కొన్ని పేర్లు మాకు తెలియనివి. ఒకచోట ఊరి పేరు లేకుండా "గాజులామె కూతురు, కన్ను" అని మాత్రమే ఉన్నది. మరియొకచోట "బాగేపల్లి సంతలో ఏడ్చినాయన" అని ఉన్నది.

మన సంఘములో బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము తాలూకాల కుటుంబములు ఇంకా ఉన్నవి. మీ ఇండ్లలో కూడా ఇటువంటి నోటుబుక్కులు, జపముల పుస్తకములు, భజన పుస్తకములు పెట్టె అడుగున ఉండవచ్చును. ఏ మతమువారివైనా సరే, కన్నడ లిపిలోని తెలుగు అయితే మేము చదవగలము. ఆదివారము సాయంకాలము నాలుగు గంటల తరువాత సంఘము గదిలో ఉంటాము. పుస్తకము మీరే పట్టుకొని కూర్చుండండి. మేము చదువుతాము, మీ పిల్లలు వ్రాసుకొంటారు.